నీలం రిబ్బను

బట్టలుతికే మిషన్లు బాగుచేయడంలో ఇరవై ఆరేళ్ళు గడిపిన మనిషికి, ఆ పనిలో తనకు బొత్తిగా తెలియని విద్యలు ఇన్ని ఉన్నాయని పాతిక పేజీల పుస్తకం ఒకటి చెప్పింది. వీధిలో అందరూ మిషనక్క అని పిలిచే ఆవిడ, షాపులో స్టూలు మీద కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివింది. అట్ట మీద "విద్యార్థుల భవిష్యత్ ఉద్యోగాలకు అనుగుణంగా సవరించిన పాఠ్యాంశాలు" అని బంగారు రంగు అచ్చు. లోపల చూస్తే కస్టమరుని పలకరించే పద్ధతికి పన్నెండు గంటలు, తనను తాను పరిచయం చేసుకోవడానికి ఇరవై గంటలు, ఇంటర్వ్యూలో కూర్చునే తీరుకి ఎనిమిది గంటలు, మరమ్మతు రంగంలో రేపటి పోకడలకు ముప్ఫై గంటలు. నీళ్ళ ప్రస్తావన మాత్రం మొత్తం పుస్తకంలో రెండే చోట్ల తగిలింది. ఒకటి "నీరు: పరిచయం" అనే అరపేజీ పాఠం. రెండోది, పరీక్ష హాల్లోకి నీళ్ళ సీసా తేకూడదనే నియమం.

పుస్తకం తెచ్చిచ్చింది ఆవిడ అన్నయ్య. ఆయన కూతురు ఏడాదిగా ఒక ట్రైనింగ్ సంస్థలో ఈ మరమ్మతు కోర్సు చదువుతోంది. చదవడమంటే అలా ఇలా కాదు, ఇరవై ఇద్దరి క్లాసులో ఫస్టు. పెద్ద సర్వీస్ సెంటరు ఒకటి నెలాఖరుకి పరీక్ష పెట్టి మెకానిక్కుల్ని తీసుకుంటోంది. గుర్తింపున్న కోర్సు చదివినవాళ్ళనే పరీక్షకి రానిస్తారు, ఈ కోర్సుకేమో గుర్తింపు ఇంకా రాలేదు. రావాలంటే, ఇక్కడ నేర్పేది బయట పనికొస్తుందని ఆ పనిలో ఉన్నవాళ్ళు ముగ్గురు రాసివ్వాలి. ఇద్దరు రాసిచ్చేశారు. వాళ్ళలో ఒకాయన ఫ్యాన్లు అమ్ముతాడు, ఇంకొకాయన ప్రిన్సిపాల్ గారి బావమరిది. మూడో సంతకం మిషనక్కది కావాలి.

ఉత్తరం కూడా టైపు చేయించి మరీ తెచ్చాడు అన్నయ్య. చూసి పెడతానంది ఆవిడ. చూడ్డానికి ఏముందమ్మా, సంతకమేగా అన్నాడాయన. ఏముందో ఆవిడకి తెలుసు. రెండేళ్ళుగా ఆవిడ కుడి భుజం పైకి లేవడం లేదు. పెద్ద మిషన్ ఒరిగించాలంటే పక్కషాపు వాళ్ళని బతిమాలుకోవాల్సి వస్తోంది. తన తర్వాత ఈ పనికి ఇంట్లో ఉన్నది మేనకోడలు ఒక్కతే. కంపెనీలో నాలుగేళ్ళు చేసి చెయ్యి తిరిగాక షాపు ఆ పిల్ల చేతిలో పెట్టాలని ఆవిడ ఎప్పుడో అనుకుంది, ఎవరికీ చెప్పలేదు. చెయ్యి తిరిగే దారి ఇదేనో కాదో కళ్ళారా చూడకుండా ఆవిడకి సంతకం పెట్టబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున్నే ఆ సంస్థకి వెళ్ళింది. వర్క్‌షాప్ మూడో అంతస్తులో ఉంది. గదిలో అడుగు పెట్టగానే ఏదో తేడా కొట్టింది. ఏమిటా అని ముక్కు ఎగబీలిస్తే, వాసన లేదు. మిషన్లు విప్పే చోట మురిగిన నీళ్ళ కంపు ఉండాలి, నానిన రబ్బరు కంపు ఉండాలి, కాళ్ళకింద సబ్బు జిడ్డు ఉండాలి. ఇక్కడ కొత్త పెయింటు వాసన తప్ప ఇంకేం లేదు. నేల మీద ముగ్గురు పిల్లలు తెల్లచొక్కాలతో కూర్చుని రాసుకుంటున్నారు, చొక్కాలకి ఎక్కడా ఒక్క మరక లేదు.

మధ్యలో బల్ల మీద ఆ సంస్థ గర్వకారణం పెట్టి ఉంది. ముందు గుండ్రటి తలుపుండే మిషన్ని నిలువునా సగానికి కోసి నిలబెట్టారు. డ్రమ్ముకి పసుపు, మోటారుకి ఎరుపు, పంపుకి ఆకుపచ్చ రంగు వేశారు. నీళ్ళు లోపలికొచ్చే గొట్టం దగ్గర్నుంచి బయటికి పోయే గొట్టం దాకా ఒక నీలం రిబ్బను దూర్చారు. ప్రిన్సిపాల్ ఆ రిబ్బను కొస పట్టుకుని లాగాడు. అది సర్రున జారింది. నీటి ప్రవాహం మేడమ్, అన్నాడు.

"నీళ్ళేవి సార్?" అంది మిషనక్క.

"ఇదే మేడమ్."

"ఇది రిబ్బను. నేనడిగేది నీళ్ళు. కుళాయి ఎక్కడుంది?"

ప్రిన్సిపాల్ కాసేపు నీళ్ళు నమిలాడు. ఆ గదిలో ఆవిడకి కనబడిన నీళ్ళు అవే. కింద అంతస్తులో కంప్యూటర్ల గది ఉందనీ, పైన తడైతే సీలింగు పాడవుతుందనీ, అందుకే కుళాయి పెట్టించలేదనీ చెప్పుకొచ్చాడు. అయినా అసలు నీళ్ళకన్నా రిబ్బనే మేలట. నీళ్ళైతే పైపుల్లో కనబడవట, రిబ్బనైతే వెనక బెంచీ వాళ్ళకి కూడా కనబడుతుందట. ఈ మాటలంటున్నప్పుడు ఆ పెద్దమనిషి మొహంలో సిగ్గన్నది మచ్చుకైనా లేదు.

తర్వాత మేనకోడల్ని పిలిచి పాఠం అప్పజెప్పించాడు. పిల్ల చేతికి బెత్తం తీసుకుంది. ఇరవై తొమ్మిది భాగాల పేర్లు, ఒక్కోటి చేసే పని, చెడిపోతే కనబడే లక్షణాలు తడుముకోకుండా గడగడా చెప్పేసింది. మేనత్తకి ఒక్క క్షణం గర్వమేసింది, అబద్ధం ఎందుకు. ఆ గర్వంలోనే ఒక ప్రశ్న అడిగింది. ఒకరింట్లో మిషన్ నీళ్ళు పోకుండా ఆగిపోయింది, లోపల బట్టలున్నాయి, వెళ్ళగానే ఏం చేస్తావు?

ముందు కస్టమరుని చిరునవ్వుతో పలకరిస్తానంది పిల్ల. తర్వాత గుర్తింపు కార్డు చూపిస్తాను, పేరు చెప్పుకుంటాను, సమస్య శ్రద్ధగా వింటాను. పంపులో ఏదో అడ్డుపడి ఉంటుందని గుర్తిస్తాను.

"బానే ఉంది. పంపుని ఎలా అందుకుంటావే?"

"ఇదిగో, ఇలా" అని పిల్ల చెయ్యి చాచి ఆకుపచ్చ పంపు మీద వేలు పెట్టింది.

పక్క రేకు లేదు కదా, చెయ్యి పెడితే అందుతుంది. ఏడాదిపాటు ఇరవై ఇద్దరు పిల్లలు అలా వేలు పెట్టి చూపించే నేర్చుకున్నారు. ఒక్కళ్ళూ ఒక్క స్క్రూ విప్పలేదు, ఎందుకంటే ఆ మిషన్‌కి విప్పాల్సినవేమీ మిగల్లేదు. మిగతా మిషన్లు ఏవని అడిగితే, నాలుగున్నాయనీ, ప్యాకింగు విప్పితే గీతలు పడతాయని ఇన్‌స్పెక్షన్ కోసం అలాగే ఉంచామనీ చెప్పారు. మిషనక్కకి ఒళ్ళు మండిపోయింది. ఈ సగం మిషన్ ఎవరింట్లో ఉంటుందో చెప్తే వాళ్ళింటికి వెళ్ళి బాగుచేయొచ్చు గానీ, మిగతా ఊరంతా పూర్తి మిషన్లే కొనుక్కుంటారే, మరి వాళ్ళ గతేమిటి సార్ అని మొహం మీదే అడిగేసింది. సంతకం పెట్టనని చెప్పి మెట్లు దిగి వచ్చేసింది.

సాయంత్రం అన్నయ్య ఇంట్లో పంచాయితీ. వదిన మొహం గంటు పెట్టుకుంది. అన్నయ్య గొంతు పెంచలేదు గానీ చెప్పిందే చెప్పాడు. ఏడాది పోయింది, గుర్తింపు లేకపోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే ఉద్యోగం లేదు, ఈ ఒక్క కాగితంతో అవన్నీ వస్తాయి, పెట్టేస్తే నీ సొమ్మేం పోయింది. మిషనక్క ససేమిరా అంది. నేను పెట్టే సంతకం అంటే ఈ పిల్లలకి పని వచ్చని నేను హామీ ఉన్నట్టు, రాని పనికి హామీ ఎలా ఉంటానని అడిగింది. అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడ్డ మేనకోడలు నోరు విప్పింది.

"నువ్వు చెప్పింది నిజమే అత్తా. అక్కడ నాకేం నేర్పలేదు. కానీ నువ్వు సంతకం పెట్టకపోతే నాకేం వచ్చేస్తుందా? పరీక్ష కూడా పోతుంది, అంతేగా."

ఆ మాటకి ఆవిడ మెత్తబడింది. పనికిమాలిన ఆ సంస్థ మీద కోపాన్ని చదువుకున్న పిల్ల మీద తీర్చుకోవడమేమిటని తనను తానే తిట్టుకుంది. చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. పరీక్షకింకా పదిహేను రోజులుంది. ఆ పదిహేను రోజులూ పిల్ల పొద్దున్నుంచి సాయంత్రం దాకా షాపులో పని నేర్చుకోవాలి. ఆ షరతు మీద, "ఈ కోర్సులో నేర్పేది మా వృత్తికి నూటికి నూరుపాళ్ళు ఉపయోగపడుతుంది" అన్న వాక్యం కింద మిషనక్క పళ్ళు నూరుకుంటూ సంతకం పెట్టింది. ఇరవై ఆరేళ్ళలో అరిగిన బేరింగుని కొత్తదని చెప్పి ఒక్కసారి కూడా బిగించని చెయ్యి అది.

మొదటి రోజు పిల్ల ముక్కుకి గుడ్డ కట్టుకుని పని చేసింది. మిషన్ ముందు కింద మూల చిన్న మూత ఉంటుందనీ, దాని వెనకే పంపు ఫిల్టరు ఉంటుందనీ అప్పుడే చూసింది. అది తిప్పి లాగితే రెండు హెయిర్‌పిన్నులు, ఒక బొత్తాం, ఏ రంగో చెప్పలేని ఒక పసిపిల్ల మేజోడు వచ్చాయి. ఇది ఏ పాఠంలో వస్తుందత్తా అని అడిగింది. ఇది ఏ పాఠంలోనూ రాదే, ప్రతి ఇంట్లోనూ వస్తుందని నవ్వింది మిషనక్క. సాయంత్రానికి పిల్ల నాలుగు ఫిల్టర్లు విప్పి కడిగి బిగించింది. రెండో రోజు మధ్యాహ్నం, తిరుగుతున్న మిషన్ దగ్గర చెవి పెట్టి, పంపులో ఏదో చిన్న గట్టి వస్తువుంది, అదే తగిలి చప్పుడవుతోంది అంది. విప్పి చూస్తే చొక్కా కాలరులో ఉండే ప్లాస్టిక్ పుల్ల. అలా వినడం మిషనక్కకి పట్టుబడేసరికి రెండేళ్ళు పట్టింది. పిల్ల ఎదుట పొగడకూడదని ఊరుకుంది గానీ లోపల ఎగిరి గంతేసింది. మూడో రోజు నుంచి ఇళ్ళకి తీసుకెళ్దామనుకుంది. షాపుకొచ్చే మిషన్లు మోసుకురావడం కోసం ముందే నీళ్ళన్నీ వంచేసి తెస్తారు. అసలు తంటా అంతా ఇళ్ళలో ఉంటుంది.

మూడో రోజు పిల్ల రాలేదు. ప్రిన్సిపాల్ ఫోను చేశాడట. గుర్తింపు ఇచ్చే అధికారులు వస్తున్నారు, వాళ్ళ ముందు రిబ్బను లాగే పిల్ల క్లాసు ఫస్టు పిల్లే కావాలి, రోజూ రిహార్సల్సు. రిబ్బను లాగడానికి రిహార్సలేమిటని మిషనక్క ఫోన్లో అరిచింది. అది కాదత్తా, మాట మీద లాగాలి, "ప్రవాహం" అన్నప్పుడు మొదలుపెట్టి "విసర్జన" అన్నప్పుడు ఆపాలి అని పిల్ల బుద్ధిగా వివరించింది. నాలుగు రోజులు ఓపిక పట్టమంది. ఆ నాలుగు రోజులు పదకొండయ్యాయి. వచ్చిన అధికారులు రిబ్బను చూసి ముచ్చటపడ్డారట, ఒకాయన తనూ ఒకసారి లాగుతానని సరదాపడి లాగాడట. కుళాయి సంగతి ఎవరూ అడగలేదు. పరీక్షకి ముందు రోజే గుర్తింపు వచ్చింది.

పరీక్ష రోజు మేనకోడలితో పాటు మిషనక్క కూడా వెళ్ళింది. సర్వీస్ సెంటరులో మధ్య గోడ అద్దాలది, బయట బెంచీ మీద కూర్చుంటే లోపల జరిగేదంతా కనబడుతుంది. సూపర్‌వైజరు ఆవిడకి తెలిసినవాడే. గదిలో ఒక మిషన్ పెట్టారు. ముందు తలుపు మూసి ఉంది, లోపల బట్టలు, గాజు వెనక సగం దాకా మురికి నీళ్ళు. నలభై నిమిషాల్లో బాగుచేయాలి.

పిల్ల సూపర్‌వైజరుని చిరునవ్వుతో పలకరించింది. కార్డు చూపించింది. పేరు చెప్పింది. మిషన్ ఆన్ చేసి చెవి ఆనించి, పంపులో ఏదో అడ్డుపడిందని నిమిషంలో తేల్చేసింది. సూపర్‌వైజరు తలూపడం అద్దంలోంచి కనబడింది. మిషనక్క బెంచీ అంచుకి జరిగి కూర్చుంది. పిల్ల కిందికి వంగింది. షాపులో నేర్చుకున్న చిన్న మూత తీసింది. ఫిల్టరు మీద చెయ్యి వేసింది.

అప్పుడు తెలిసింది మిషనక్కకి. లేచి అద్దం మీద అరచేత్తో కొట్టింది. పిల్లకి వినబడలేదు. షాపులో ఎలా తిప్పిందో అలాగే, నాలుగు చుట్లు గబగబా తిప్పి ఫిల్టరు లాగేసింది. కింద పళ్ళెం లేదు, గుడ్డ లేదు, గొట్టం వంచి ముందు నీళ్ళు తీసేయాలన్న ఆలోచన లేదు. రెండు బకెట్ల నీళ్ళు ఒక్కసారిగా ఆమె ఒళ్ళో పడి, నేల మీద పరుచుకుని, వైర్లున్న ప్లగ్గు బోర్డు దాకా పోయాయి. ఎవరో పరిగెత్తి మెయిన్ ఆపేశారు. పిల్ల చేతిలో ఫిల్టరు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ఆ ఫిల్టరుకి ఒక హెయిర్‌పిన్ను వేలాడుతోంది. ఆమె కనుక్కున్న జబ్బు అక్షరాలా నిజమే.

తర్వాత వచ్చిన ఇరవై ఒక్కమందిలో ఎక్కువమంది అక్కడిదాకా కూడా వెళ్ళలేదట. మిషన్ చుట్టూ తిరిగి తెరిచి ఉన్న పక్క కోసం వెతికారట. సూపర్‌వైజరు బయటికొచ్చి మిషనక్క పక్కన కూర్చున్నాడు. ఫైల్లో మీ సంతకం చూశానక్కా, అన్నాడు. ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

"మీ పిల్లకి బుర్ర ఉందక్కా. చెవి ఉంది. మిషన్లో నీళ్ళుంటాయని మాత్రం ఎవరూ చెప్పలేదు."

ఆ "ఎవరూ"లో తనూ ఉన్నానని మిషనక్కకి తెలుసు. ఆ కోర్సు వాళ్ళు రిబ్బను చూపించారు, తను ఎండిపోయిన మిషన్ చూపించింది, పెద్ద తేడా ఏం లేదు. దారిలో పిల్ల ఏడ్చింది. తడిసిన బట్టలతోనే నడుస్తూ ఏడ్చింది. మిషనక్క చెప్పాల్సింది చెప్పేసింది. పరీక్ష ఆరు నెలలకోసారి ఉంటుంది, ఈ ఆరు నెలలూ నాతో ఇళ్ళకి రా, రోజుకి మూడిళ్ళు, ఒళ్ళు తడిసిపోని రోజుండదు, వచ్చేసారి నువ్వు కాకపోతే ఇంకెవరూ పాసవ్వరు. అంతటితో ఆగలేదు. ఇన్నాళ్ళూ మనసులో దాచుకున్న మాట కూడా చెప్పేసింది, ఆ తర్వాత ఈ షాపు నీదేనే అని. పిల్ల ముక్కు తుడుచుకుని, సోమవారం నుంచి వస్తానత్తా అంది.

సోమవారం మిషనక్క బెంచీ మీద సామాను సర్ది సగం ఖాళీ చేసింది. రెండో స్టూలు కొనుక్కొచ్చింది. పిల్ల చేతికి సరిపోయే చిన్న స్క్రూడ్రైవర్ల సెట్టు విడిగా పెట్టింది. రెండిళ్ళకి కబురు పెట్టింది, మేనకోడలితో వస్తున్నాను, నీళ్ళు ముట్టుకోకండి, నేనొచ్చేదాకా అలాగే ఉంచండి అని. ఆ ఇళ్ళవాళ్ళు ఈవిడకి పిచ్చి పట్టిందేమో అనుకుని ఉంటారు. తొమ్మిదైంది, పదకొండైంది, పిల్ల జాడ లేదు. పన్నెండున్నరకి వచ్చింది. ఇస్త్రీ చీర, మెళ్ళో కొత్త తాడు, తాడుకి కార్డు. కార్డు మీద ఆమె ఫొటో, ఫొటో కింద "బోధకురాలు" అని రాసి ఉంది.

సంగతేమిటంటే, గుర్తింపు వచ్చింది కదా, దాంతో సీట్లు ఇరవై రెండు నుంచి అరవైకి పెరిగాయి. సెక్షన్లు మూడయ్యాయి. పాఠం చెప్పేవాళ్ళు చాలలేదు. ప్రిన్సిపాల్ ఆదివారం స్వయంగా ఇంటికొచ్చి అడిగాడట. అన్నయ్య, వదిన ఒకటే సంబరం. సంస్థ గేటు మీద అప్పుడే బోర్డు కట్టేశారట, పిల్ల ఫొటో పెట్టి, కోర్సు ముగిసిన వారంలోనే ఉద్యోగం అని. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. మిషనక్కకి నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలోనే చేదైపోయింది.

"నీకే రాని పనిని వాళ్ళకేం నేర్పుతావే?"

"సిలబస్‌లో ఉన్నది."

"పోనీ ఆదివారాలు రా. ఆదివారం ఇళ్ళల్లో అందరూ ఉంటారు, పని ఎక్కువ దొరుకుతుంది."

"ఆదివారాలు ట్రైనింగు అత్తా. పాఠం ఆసక్తిగా చెప్పడం ఎలా అని."

మిషనక్కకి నోటిదాకా చాలా వచ్చాయి. అరవైమంది పిల్లలు, ఏడాదికి అరవైమంది, ఒక్కొక్కళ్ళూ ఒక్కో ఇంట్లో కూర్చుని ఒళ్ళో రెండు బకెట్లు పోసుకుంటారే అని అందామనుకుంది. నీ చెవికి, నీ చేతికి ఈ గతేమిటే అని అందామనుకుంది. మనుషుల్ని మాటల్తో కడిగి ఆరేయడంలో ఆ వీధిలో ఆవిడ్ని మించినవాళ్ళు లేరు. పిల్ల ఆ అవకాశం ఇవ్వలేదు. గొంతు పెంచకుండా, లెక్క అప్పజెప్పినట్టు, తనే చెప్పేసింది.

"తిట్టకు అత్తా. ఏడాది చదివాను. నీ పనికి కావాల్సినవాటిలో నాకు ఒక్కటీ రాదు. ఆ పనికి కావాల్సినవన్నీ వచ్చు."

ఆ మాటలో తప్పెక్కడుందా అని మిషనక్క వెతికింది. ఆవిడకి దొరకలేదు. పిల్ల రెండు గంటల క్లాసుకి టైమైందని చెప్పి వెళ్ళిపోయింది. అప్పుడు ఆ రెండిళ్ళలో మొదటి ఇంటివాళ్ళు ఫోను చేశారు, పొద్దున్నుంచీ మిషన్లో నీళ్ళు అలాగే ఉన్నాయి, ఇంకా ఎంతసేపు ఉంచాలని.